అపార్ట్‌మెంట్‌కు ఏ జాతి కుక్క అనుకూలం? హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కొండాపూర్, మణికొండ, మియాపూర్, నల్లగండ్ల వైపు ఫ్లాట్లలో ఉంటూ కుక్కను పెంచుకోవాలనుకునేవారు మొదట అడిగేది జాతి గురించే. అయితే ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులన్న లెక్క కంటే ఇంట్లోవారి దినచర్య, నగరపు ఎండ, పక్క ఫ్లాటుకు వినిపించే చప్పుడు అన్న మూడు విషయాలే జాతిని నిర్ణయించాలన్నది మా అభిప్రాయం. కింది సమాధానాలన్నీ ఆ దృష్టితో రాసినవే.

మాది రెండు పడక గదుల ఫ్లాటు. చిన్న కుక్క అయితేనే సరిపోతుందా?

చిన్న కుక్క అయితే తప్పనిసరిగా సరిపోతుందన్న హామీ ఏమీ లేదు. ఎదిగిన కుక్క రోజులో సగానికి పైగా నిద్రలోనో, మగతలోనో గడుపుతుంది కాబట్టి దానికి ఇంట్లో కావలసిన చోటు మనం ఊహించుకునేంత ఎక్కువ ఉండదు. 50 కిలోలకు పైగా తూగే గ్రేట్ డేన్ ఉదయం, సాయంత్రం తిప్పి తీసుకొస్తే హాలులో ఒక మూల పడుకుని ఉండగలదు. ఏడెనిమిది కిలోలు కూడా దాటని జాక్ రస్సెల్ టెర్రియర్ మాత్రం పరుగుకు, పనికి అవకాశం దొరకకపోతే సోఫా దిండ్లను దూదిగా మార్చేస్తుంది.

పరిమాణం నిజంగా ముఖ్యమయ్యే సందర్భాలు వేరే ఉన్నాయి. కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడు, కాలు బెణికిన కుక్కను ఎత్తుకుని కారు వరకు తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు, మందుల మోతాదును బరువు లెక్కన వేసి బిల్లు చేతికిచ్చినప్పుడు 8 కిలోల కుక్కకు, 35 కిలోల కుక్కకు ఉన్న తేడా తెలుస్తుంది. ఆ తేడాను మీ ఇంట్లో ఎవరు మోస్తారన్నది ముందే మాట్లాడుకోవాలి.

జాతి ఎంచుకునే ముందు మా ఇంటి గురించి మేము ఏమి తెలుసుకోవాలి?

ఒక మామూలు పనిదినాన్ని గంటల వారీగా కాగితంపై రాసి చూడండి. ఉదయం ఆరు గంటలకు లేచి కిందికి తీసుకువెళ్లేది ఎవరు, మధ్యాహ్నం ఇంట్లో మనిషి ఉంటారా, సాయంత్రం గచ్చిబౌలి నుంచో హైటెక్ సిటీ నుంచో ట్రాఫిక్ దాటుకుని ఎన్ని గంటలకు ఇల్లు చేరతారు, సెలవులకు ఊరు వెళ్తే కుక్క ఎక్కడ ఉంటుంది అన్న వాటికి పేర్లతో, సమయాలతో సమాధానాలు రావాలి. "అందరం కలిసి చూసుకుంటాం" అన్న సమాధానం వచ్చిన ఇంట్లో సాధారణంగా ఆ పని అమ్మమీదో, నాయనమ్మమీదో పడుతుంది. అందువల్ల జాతి ఎంపికలో వారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం.

హైదరాబాద్ ఎండలను ఏ జాతులు తట్టుకోగలవు?

ఏప్రిల్, మే నెలల్లో నగరంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మనిషి ఒళ్లంతా చెమట పట్టడం వల్ల చల్లబడతాడు. కుక్కకు అరికాళ్ల దగ్గర తప్ప చెమట దాదాపు పట్టదు కాబట్టి, అది నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటిలోని తేమ ఆవిరయ్యేలా చేసి శరీరాన్ని చల్లబరుచుకుంటుంది. దాని సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 41 దాటితే ప్రాణాపాయం. అంటే మూతి పొడుగ్గా, బొచ్చు పొట్టిగా, ఒళ్లు సన్నగా ఉన్న కుక్కకు ఈ నగరం సులువు. మూతి చప్పిడిగా, బొచ్చు దట్టంగా, ఒళ్లు బరువుగా ఉన్న కొద్దీ కష్టం పెరుగుతుంది.

ఈ కొలతతో చూస్తే దేశీ కుక్క, ఆ రక్తం కలిసిన సంకరజాతులు అందరికంటే ముందుంటాయి. డాక్స్‌హుండ్, బీగిల్, పొట్టి బొచ్చు గల ఇతర మధ్యరకం జాతులు సమయం చూసి బయటికి తీసుకువెళ్తే ఇబ్బంది పడవు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఇండియన్ స్పిట్జ్ వంటివి వేసవిలో ఫ్యాను కింద, చల్లని గచ్చు మీద పగలు గడపగలిగితే నెట్టుకొస్తాయి. సెయింట్ బెర్నార్డ్, అలాస్కన్ మాలమ్యూట్ వంటి చలిదేశపు జాతులను ఈ జాబితాలో చేర్చే ఆలోచన కూడా మాకు లేదు.

ఏ జాతి అయినా వేసవిలో ఉదయం ఆరున్నర లోపు, సాయంత్రం ఏడు దాటాక మాత్రమే తిప్పాలి. బయలుదేరే ముందు అరచేతి వెనుక వైపును తారు రోడ్డుకు ఆనించి చూడండి. ఏడు సెకన్లపాటు ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకు కూడా పనికిరాదు. సెల్లార్‌లో నడిపించడం ఎండ ఉన్న రోజుల్లో మంచి ఉపాయమే కానీ, వెనక్కి వచ్చే కార్లకు నేల మీది చిన్న కుక్క కనిపించదు కాబట్టి గొలుసు చేతిలో ఉండవలసిందే.

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ అపార్ట్‌మెంట్ కుక్కలని అందరూ అంటారు. నిజమేనా?

స్వభావం వరకు ఆ మాట నిజం. పగ్ మొరగడం తక్కువ, మనుషుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, పిల్లల అల్లరిని ఓర్చుకుంటుంది, గంటల కొద్దీ నడక అడగదు. ఇబ్బంది అంతా శరీర నిర్మాణంలోనే ఉంది. చప్పిడి ముఖం కోసం తరతరాలుగా ఎంపిక చేసి పెంచడం వల్ల పుర్రె పొట్టిదైపోయింది గానీ, లోపలి మెత్తని అంగిలి అంత మేరకు తగ్గలేదు. అది గొంతుకు అడ్డుపడుతుంది, ముక్కు రంధ్రాలు సన్నని చీలికల్లా మిగులుతాయి. నిద్రలో వినిపించే గురకను చాలామంది ముద్దుగా చెప్పుకుంటారు, వీడియోలు కూడా తీస్తారు. అది ఊపిరి ఆడక పడే అవస్థ.

ఏప్రిల్ నెలలో ఉదయం తొమ్మిది గంటలకు ఫుట్‌పాత్ మీద నడుస్తున్న పగ్‌ను ఒకసారి గమనించండి. నాలుక వెడల్పుగా బయటికి వేలాడుతుంది, ప్రతి ఊపిరికీ గరగరమని చప్పుడు వస్తుంది, పది అడుగులకోసారి ఆగి కడుపును నేలకు ఆనించి పడుకుంటుంది. మొండికేస్తోందని గొలుసు లాగే యజమానులు ఉంటారు. నాలుక రంగు గులాబీ నుంచి ఊదా వైపు తిరిగిందంటే అది వడదెబ్బకు దగ్గరలో ఉందని అర్థం. వెంటనే నీడకు చేర్చి, మామూలు చల్లని నీటితో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆ తడి ఒంటితోనే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.

అయినా పగ్‌నే తెచ్చుకోవాలనుకుంటే ముక్కు రంధ్రాలు విప్పారి ఉన్న, గురక పెట్టని తల్లిదండ్రులకు పుట్టిన పిల్లను చూడండి, బరువు 8 కిలోలు దాటనివ్వకండి, వేసవి పగళ్లలో ఏసీ గది ఉంటుందో లేదో ముందే తేల్చుకోండి. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు ఇవే మాటలు ఇంకాస్త గట్టిగా వర్తిస్తాయి. షిట్జూ ఊపిరి విషయంలో వీటికంటే కొంత నయం; దానికి బదులు దువ్వెన పని ఎక్కువ. రోజూ దువ్వకపోతే చెవుల వెనుక, చంకల కింద బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. వేసవి నాలుగు నెలలూ బొచ్చును పొట్టిగా కత్తిరించి ఉంచితే యజమానికీ, కుక్కకూ ఇద్దరికీ సుఖం.

సైబీరియన్ హస్కీని ఏసీ గదిలో ఉంచి పెంచవచ్చు కదా?

పెంచవద్దనే మా సలహా. రెండు పొరల బొచ్చుతో, మంచులో బండి లాగుతూ మైళ్ల కొద్దీ పరుగెత్తడానికి తయారైన కుక్కను ఏసీ గదిలో ఉంచితే ఎండ సమస్య మాత్రమే తీరుతుంది, పరుగు సమస్య అలాగే ఉంటుంది. అది మొరగడం తక్కువే, ఊళ వేయడం మాత్రం ఎక్కువ. రాత్రి రెండు గంటలకు ఆ ఊళ ఎన్ని అంతస్తులకు వినిపిస్తుందో మీ పొరుగువారు మర్నాడు చెబుతారు.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ సంగతి ఏమిటి?

సౌమ్యమైన స్వభావం, నేర్పితే నేర్చుకునే గుణం వల్ల ఈ రెండూ నగరంలో బాగా ప్రాచుర్యం పొందాయి. అపార్ట్‌మెంట్‌లో కూడా పెంచవచ్చు, రోజుకు గంటకు తక్కువ కాకుండా వ్యాయామం చేయించగలిగితే. మొదటి రెండేళ్లు లాబ్రడార్ పిల్ల చెప్పులు, చార్జర్ వైర్లు, తలుపు చట్రాలు అన్నీ నములుతుంది.

వీటి అసలు శత్రువు గిన్నె. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉందనీ, దానివల్ల ఆకలి తీరిన భావన సరిగా కలగదనీ గుర్తించారు. అంటే మీ వైపు దీనంగా చూసే ఆ చూపును నమ్మి నాయనమ్మ ఒక చపాతీ, పిల్లలు రెండు బిస్కట్లు, పనిమనిషి మిగిలిన పెరుగన్నం పెట్టారంటే ఏడాది తిరిగేసరికి కుక్క 40 కిలోలు దాటుతుంది. తుంటి కీలు సరిగా అమరకపోవడం ఈ జాతుల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. బరువు పెరిగితే అది ముదురుతుంది. నున్నని టైల్స్ మీద కాళ్లు జారడం కూడా దానికి తోడవుతుంది కాబట్టి కుక్క తిరిగే చోట రబ్బరు పట్టాలు పరచడం మంచిది. లిఫ్టు ఒక్కటే ఉండి జనరేటర్ లేని భవనంలో పై అంతస్తుల్లో ఉండేవారు ఈ జాతుల గురించి మరోసారి ఆలోచించాలి.

పొరుగువారితో గొడవ రాకుండా, తక్కువ మొరిగే జాతి ఏది?

కుక్క మొరగకుండా ఉండదు. ఎంత, ఎందుకు అన్నవే జాతిని బట్టి మారతాయి. ఇండియన్ స్పిట్జ్‌ను చాలాకాలంగా మనవాళ్లు పామరేనియన్ అనే పేరుతో పెంచుతున్నారు. తెలివైనది, ఇంటి తిండికి అలవాటుపడేది, రోగాలు తక్కువ. అయితే కారిడార్‌లో అడుగుల చప్పుడైతే చాలు గొంతు ఎత్తుతుంది. రోజుకు పదిసార్లు డెలివరీ వాళ్లు వచ్చే అంతస్తులో ఇది చిన్న విషయం కాదు. బీగిల్ వాసన పట్టి వేటాడే జాతి. దూరంగా ఉన్న వేటగాడికి వినిపించడం కోసమే దానికి ఆ సాగదీసిన గొంతు వచ్చింది. ఒంటరిగా వదిలేస్తే ఆ గొంతును వాడుతుంది. పగ్, షిట్జూ, గ్రేట్ డేన్, చాలామటుకు లాబ్రడార్లు ఈ విషయంలో నయం.

జాతి ఏదైనా కాలింగ్ బెల్ మోగినప్పుడు ఒక నిర్ణీత చోటుకు వెళ్లి కూర్చోవడం, అందుకు ఒక ముక్క తిండి అందుకోవడం చిన్నప్పటి నుంచి నేర్పితే సగం గొడవ తగ్గుతుంది. తలుపుకు, గేటుకు మధ్య కనిపించే సందును మూసేయడం మరో సులువైన పని.

దేశీ కుక్కను ఫ్లాటులో పెంచడం సాధ్యమేనా? అది వీధికి అలవాటుపడిన జాతి కదా?

సాధ్యమే, మా దృష్టిలో హైదరాబాద్ ఫ్లాటుకు మొదట పరిశీలించవలసినది ఇదే. దేశీ కుక్క సాధారణంగా 15 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది, పొట్టి బొచ్చు, పొడుగు మూతి, సన్నని నడుము దీని లక్షణాలు. ఎవరూ అందం కోసం ఎంపిక చేసి జత కట్టించలేదు కాబట్టి, శుద్ధజాతుల్లో కనిపించే ఊపిరి, తుంటి, వెన్ను సమస్యలు ఇందులో అరుదు. చర్మం నుంచి వచ్చే కుక్క వాసన తక్కువ, ఇల్లు పాడు చేయకుండా ఉండడం త్వరగా నేర్చుకుంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. దేశీ కుక్క చుట్టుపక్కల జరిగే ప్రతిదాన్నీ కనిపెట్టి ఉంటుంది, కొత్తవారిని వెంటనే దగ్గరికి రానివ్వదు. లాబ్రడార్‌లా వచ్చిన ప్రతి అతిథి ఒళ్లోకీ ఎక్కే కుక్కను ఆశించేవారికి ఇది నిరాశ కలిగిస్తుంది. కిందికి తీసుకువెళ్లినప్పుడు గేటు దగ్గరి వీధి కుక్కలు దీన్ని తమ హద్దులోకి వచ్చిన పరాయిదానిగా చూస్తాయి; మొదటి వారాల్లో వాటికి దూరంగా ఉండే దారి ఎంచుకోవాలి. అలాగే, వీధిలో స్వేచ్ఛగా పెరిగి వయసొచ్చిన కుక్కను తెచ్చి తొమ్మిదో అంతస్తులో ఉంచడం అన్నిసార్లూ దానికి మేలు చేయదు. పిల్లగా ఉన్నప్పుడే దత్తత తీసుకోవడం, లేదా అప్పటికే ఏదో ఒక ఇంట్లో కొన్నాళ్లు ఉండి మనుషులకు అలవాటుపడిన పెద్దదాన్ని తీసుకోవడం మేలు.

నగరంలో 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థల నుంచి దత్తత తీసుకోవచ్చు. ఎదిగిన కుక్కను తీసుకుంటే ఒక పెద్ద లాభం ఉంది: అది ఎంత మొరుగుతుంది, పిల్లలతో ఎలా ఉంటుంది, ఎంత బరువు పెరుగుతుంది అన్న ప్రశ్నలకు ఊహలతో పని లేదు, ఎదురుగా కనిపిస్తుంది.

జోనంగి, ముధోల్, రాజపాలయం వంటి మన ప్రాంతపు జాగిలాలు అపార్ట్‌మెంట్‌కు పనికొస్తాయా?

ఎండకు భయపడనవసరం లేని జాతులే ఇవన్నీ. కొల్లేరు పరిసరాల జోనంగి బాతుల మందలను కాయడంలో పేరు పొందింది. మొరగడానికి బదులు కూతలాంటి విచిత్రమైన శబ్దం చేస్తుంది. కర్ణాటకకు చెందిన ముధోల్, తమిళనాడుకు చెందిన రాజపాలయం 2005లో తపాలా శాఖ విడుదల చేసిన కుక్కల తపాలా బిళ్లలపై చోటు సంపాదించుకున్నాయి. అభిమానం ఒక ఎత్తు, అవసరం ఒక ఎత్తు. ఇవి వేట కోసం, కాపలా కోసం పెరిగిన జాగిలాలు. ముధోల్ ఇంట్లో ప్రశాంతంగానే ఉంటుంది గానీ గొలుసు లేకుండా, కంచె ఉన్న చోట, ఒళ్లు విరుచుకుని పరుగెత్తే అవకాశం దానికి తరచుగా కావాలి. పిల్లి కనిపిస్తే మీ పిలుపు వినిపించదు. రాజపాలయానికి కొత్తవారిపై అనుమానం ఎక్కువ, రోజంతా రాకపోకలుండే కారిడార్‌కు అది తగదు. నగర శివార్లలో ఆవరణ ఉన్న ఇళ్లవారు వీటిని ఆదరిస్తే బాగుంటుంది.

ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇంట్లో పది గంటలు ఎవరూ ఉండరు. మాకు తగిన జాతి ఉందా?

పది గంటల ఒంటరితనానికి తగిన జాతి లేదు. ఎదిగిన కుక్క నాలుగు నుంచి ఆరు గంటలు ఓపిక పట్టగలదు. రెండు నెలల పిల్ల రెండు, మూడు గంటలకు మించి మూత్రం కూడా ఆపుకోలేదు, పై అంతస్తు నుంచి లిఫ్టు కోసం ఎదురుచూసే రెండు నిమిషాలు కూడా దానికి ఎక్కువే. మధ్యాహ్నం వచ్చి తిప్పే మనిషిని నమ్మకంగా కుదుర్చుకోగలిగితే, పిల్లకు బదులు మూడు, నాలుగేళ్లు దాటిన నెమ్మదైన కుక్కను దత్తత తీసుకోండి. కుదరకపోతే ప్రస్తుతానికి ఆగడమే సరైనది. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో తెచ్చుకున్న కుక్కను ఆఫీసులు పిలవగానే వదిలించుకోవాలని చూసేవారి ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంట్లో ఒకరికి అలర్జీ ఉంది. బొచ్చు రాలని జాతి తీసుకుంటే చాలా?

చాలదు. అలర్జీ కలిగించే ప్రోటీన్లు కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటాయి; బొచ్చు వాటిని మోసుకొస్తుంది, అంతే. పూడిల్, షిట్జూ వంటి వాటికి బొచ్చు తక్కువ రాలుతుంది కాబట్టి ఊడ్చే పని తగ్గుతుంది. తీసుకునే ముందు ఆ కుక్కతోనే రెండు మూడు సార్లు గంటల తరబడి గడిపి చూడడం తప్ప వేరే పరీక్ష లేదు.

మా అపార్ట్‌మెంట్ సంఘం కుక్కలను అనుమతించబోమంటోంది. వారికి ఆ అధికారం ఉందా?

భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, సర్వసభ్య సమావేశంలో మెజారిటీతో తీర్మానం చేసినా సరే, నివాసితులు కుక్కలను పెంచుకోవడాన్ని సంఘాలు నిషేధించకూడదు. పరిమాణాన్ని బట్టి, జాతిని బట్టి, మొరుగుతుందన్న కారణంగా నిషేధించడం, లిఫ్టు వాడవద్దనడం, అందుకు ప్రత్యేక రుసుము అడగడం కూడా తగదని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే పత్రం యజమానులకు కూడా బాధ్యతలు గుర్తుచేసింది: బయట గొలుసు వేసి తిప్పాలి, మలాన్ని ఎత్తాలి, టీకాలు వేయించాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు మాత్రం అడ్వాన్సు ఇచ్చే ముందే ఓనరు అంగీకారాన్ని ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి.

నియమం మన వైపు ఉన్నంత మాత్రాన లిఫ్టులో భయపడే పెద్దాయన భయం పోదు. తలుపు తెరుచుకున్నప్పుడు లోపల ఎవరైనా ఉంటే "మీరు వెళ్లండి అంకుల్, మేము తర్వాత వస్తాం" అని పక్కకు తప్పుకునే యజమానిపై సంఘం సమావేశాల్లో ఫిర్యాదులు రావడం తక్కువ.

కొన్ని జాతులపై నిషేధం ఉందని విన్నాం. అది ఇప్పటికీ అమల్లో ఉందా?

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో తదితర 23 రకాల కుక్కల దిగుమతి, అమ్మకం, పెంపకాలను ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత పక్షాలను సంప్రదించలేదన్న కారణంతో ఆ ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసింది. చట్టం మాట ఎలా ఉన్నా, బలమైన దవడ, కాపలా బుద్ధి ఉన్న జాతులను మొదటిసారి కుక్కను పెంచేవారు, అందులోనూ పిల్లలు పరుగెత్తే కారిడార్లున్న భవనంలో, తెచ్చుకోకూడదని మేము గట్టిగా చెబుతాం.

కుక్కపిల్లను కొనేటప్పుడు ఏమి చూడాలి?

2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం బ్రీడర్లు (కుక్కలను ఈనించి పిల్లలను అమ్మేవారు) రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి పార్కింగ్ స్థలంలో చేతికిస్తామనేవారి దగ్గర, ఫోటోలు మాత్రమే పంపి ముందుగా డబ్బు వేయమనేవారి దగ్గర కొనకండి. తల్లిని, అది ఉండే చోటును చూపించమని అడగండి. చూపించడానికి సాకులు వినిపిస్తే బయటికి వచ్చేయండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రాలు వంశం నమోదైందని చెబుతాయి, ఆరోగ్యానికి హామీ ఇవ్వవు.

ఇంటికి తెచ్చాక మొదటి నెలల్లో తప్పనిసరిగా చేయవలసినవి ఏమిటి?

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకు టీకాలు మొదలుపెట్టి, పదహారు వారాలు నిండే వరకు మూడు, నాలుగు వారాలకోసారి కొనసాగించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి టీకాలు పూర్తయ్యే వరకు పిల్లను లాన్‌లో, గేటు బయట దించకండి. అలాగని గదిలో బంధించినా పొరపాటే. లోకాన్ని చూసి భయం పోగొట్టుకునే వయసు మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్యే గడిచిపోతుంది. చేతుల్లో ఎత్తుకుని లిఫ్టు చప్పుడు, వాచ్‌మన్ విజిల్, స్కూలు బస్సు హారన్, కూరగాయల బండి మైకు అన్నీ పరిచయం చేయండి. వినాయక నిమజ్జనం డప్పులు, దీపావళి టపాకాయలు వచ్చేసరికి ఈ అలవాటు ఉపయోగపడుతుంది. ఆ రాత్రులకు కిటికీలు మూసిన లోపలి గది ఒకటి సిద్ధంగా ఉంచండి.

రేబిస్ టీకా ధ్రువపత్రం చేతికి వచ్చాక మీ ప్రాంతపు నగరపాలక సంస్థలో పెంపుడు కుక్క లైసెన్సు తీసుకోవాలి. వర్షాలు మొదలయ్యాక పిడుదులు విజృంభిస్తాయి, వాటి ద్వారా వచ్చే ఎర్లికియా, బెబీసియా జ్వరాలు ఈ నగరంలో సర్వసాధారణం. పశువైద్యుడు సూచించిన పిడుదుల మందును క్రమం తప్పకుండా వాడుతూ, ప్రతి నడక తర్వాత చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతకండి. కుక్క తిండి మానేసి, నీరసంగా పడుకుని, చిగుళ్లు పాలిపోయి కనిపిస్తే మర్నాటి వరకు ఆగకుండా రక్తపరీక్ష చేయించాలి. దగ్గరలో వైద్యుడు లేనివారు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికో, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకో తీసుకువెళ్లవచ్చు.